లక్ష్మణమ్మ సంతకం

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ రోజు ఆఫీసులో చెప్పుకోదగ్గ పనేమీ లేదు. ఒక మిల్లు వాళ్ల రిటర్ను, ఒక కాంట్రాక్టరు టెండరు, లక్ష్మణమ్మ పిన్ని కంపెనీది ఒక కాగితం.

ఆ కాగితం సంగతి రాసేసి పుస్తకం మూసేస్తాను.

మధ్యాహ్నం నాగబాబు వచ్చాడు. పిన్నికి మేనల్లుడు; పిన్ని అని నేను పిలవడమే, ఆమె మా ఖాతాదారు. వాళ్ల ఎండుచేపల కంపెనీలో ఆమె, అతను ఇద్దరే డైరెక్టర్లు. పిన్ని ఐసు పెట్టెల దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుని విశాఖపట్నంలో ఆస్పత్రిలో ఉంది. నాగబాబు ముందు మా ఆడిటరు నరసింగరావు సార్ గదిలో కూర్చుని మాట్లాడాడు. తరవాత నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“అత్త ఇంక ఒగ్గేస్తాదంట మేడం. డైరెక్టరుగా ఉండలేనంతంది. రాజీనామా కాగితం తయారుసేసీండి.”

“సంతకానికి ఎప్పుడొస్తారు?”

“ఇయాలే ఆపరేసన్. ఎలాగ వస్తాది? డాంగిల్ మీకాడే ఉన్నాది కదా.”

సార్ తలుపు దగ్గర నిలబడి, “చేసెయ్ ఝాన్సీ. వాళ్లింటి విషయం వాళ్లు మాట్లాడుకున్నారు” అన్నారు.

‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని నేనే టైపు చేశాను. ఖాతాదారుల ఎలక్ట్రానిక్ సంతకాల డాంగిళ్లన్నీ ఉండే సొరుగు తెరిచి పిన్నిది తీశాను. ముందు ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆపరేషన్ రోజు ఎలా ఎత్తుతుంది? డాంగిల్ కంప్యూటరుకు పెట్టి, మా దగ్గరే ఉన్న ఆమె పిన్ నంబరు కొట్టాను. కాగితం కింద ఆమె పేరు, తేదీ, సమయం, పక్కన ఆకుపచ్చ టిక్కు వచ్చాయి.

సార్ చెప్పారు. నాగబాబు పరాయివాడు కాదు. నేను చేసింది టైపు పని.

ఫిబ్రవరి 15, శనివారం

మా ఆయన నవీన్ కొత్తవలస నుంచి వచ్చాడు. ఈ వారం రైలు సిగ్నళ్ల మరమ్మతులు ఎక్కువట, బాగా నల్లబడ్డాడు. అన్నం తింటుండగా పిన్ని కాగితం సంగతి చెప్పాను. సగం చెప్పాను. ఫోన్ చేస్తే ఎత్తలేదని కూడా చెప్పాను.

“మరింకేటి? నీ పని నువ్వు సేసినావు” అన్నాడు.

నిజమే.

పిన్ని మొదటిసారి ఆఫీసుకు వచ్చిన రోజు పదే పదే గుర్తుకొస్తోంది. డాంగిల్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. “పెన్‌డ్రైవ్‌లాగ ఉన్నాది. నా సంతకం ఇందులోకి ఎలాగ దూరిందే?” అంది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. కాగితం మీద సంతకం పెట్టడమంటే ఆమెకు ఒక పెద్ద కార్యం. కొంగుతో చెయ్యి తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, ‘లక్ష్మణమ్మ’ అని ఒక్కో అక్షరం దించేది. పక్కనున్న టీ చల్లారిపోయేది. వెళ్లేటప్పుడు డాంగిల్ నా చేతిలో పెట్టింది. “నీకాడే ఉంచు. మా ఇంట్లో ఉంటే సేపల గంపలో పడి ఎవులింటికో ఎలిపోతాది.”

పక్కనే సార్ ఉన్నారు. సార్‌కి ఇవ్వలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఫిబ్రవరి 18

ఆపరేషన్ బాగా అయిందట. మంచిదే.

ఫిబ్రవరి 20, గురువారం

ఆదివారం నరసన్నపేటలో వర్తకుల సంఘం సమావేశం. ఎలక్ట్రానిక్ సంతకాల వల్ల వ్యాపారాలకు లాభాలేమిటో చెప్పమని సార్‌ని పిలిచారు. సార్ నన్ను వెళ్లమన్నారు. “నీకంటే బాగా ఎవరు చెప్తారు?” అన్నారు.

రాసుకోవడం కష్టం కాలేదు. నేను నమ్మే మాటలే కదా. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాగితాల కట్ట సంచిలో వేసుకుని బస్సుల్లో తిరిగేదాన్ని. ఒక భాగస్తుడు పొలంలో ఉండేవాడు, ఒకాయన గజపతినగరంలో పెళ్లికి వెళ్లేవాడు, ఇంకొకాయన రాయగడలో. ప్రతి పేజీ కిందా సంతకం కావాలి. ఒక్క పేజీ మరిచిపోతే మళ్లీ బస్సు. పాత సంతకంతో కలవలేదని బ్యాంకు తిప్పి పంపేది. ఒప్పందం కొరియరులో ఎక్కడో చిక్కుకుపోయి, ఒక జీడిపిక్కల వ్యాపారికి ఆ ఏడు సరుకే దొరకలేదు. ఇప్పుడు కొనేవాడు బరంపురంలో ఉంటాడు, అమ్మేవాడు నరసన్నపేటలో ఉంటాడు, టీ తాగి లేచేలోపు ఇద్దరి సంతకాలూ అయిపోతాయి. తరవాత ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా తెలిసిపోతుంది. ఎప్పుడు పెట్టారో నిమిషంతో సహా ఉంటుంది. బీరువాలు అక్కర్లేదు, చెదల భయం లేదు, చిన్న వ్యాపారి కూడా కూర్చున్నచోటి నుంచి పెద్ద టెండరు వేయొచ్చు.

చివర ‘మీరు అక్కడ లేకపోయినా మీ పని ఆగదు’ అని రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

బాగా మాట్లాడానన్నారు.

ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు ఒక బియ్యం మిల్లు ఆయన లేచాడు. “మా డాంగిళ్లన్నీ మీ ఆడిటర్ల సొరుగుల్లోనే ఉంతాయి కదమ్మా. మరి మాకు తెలీకుండా మా సంతకం పడిపోతే?” అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. “అందుకే కదండీ నమ్మకమైన ఆఫీసు చూసుకోవాలి” అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

ఇంటికి తెచ్చి బీరువాలో అన్నిటికంటే కింద పెట్టాను.

మార్చి 3, సోమవారం

పిన్ని ఫోన్ చేసింది. గొంతు సన్నగా ఉంది. ఇంటికి వచ్చి రెండ్రోజులైందట.

“ఒలే ఝాన్సీ, సేపలు ఎండబెట్టీ కళ్లానికి తాళం ఏసీసినాడే నాగబాబు. ఎగుమతి కంపెనీవోలితో ఒప్పందం అయిపోనాదంట. మిసన్లు వస్తాయంట, ఆడోలు రానక్కర్లేదంట. ఇదేట్రా అంటే, నువ్వు రాజీనామా సేసీసినావు, నీకేటి పని అంతన్నాడు. నానెప్పుడు సేసినానే?”

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

“నీకేటైనా తెలుసా అమ్మా?”

“నాకు తెలీదు పిన్నీ. సార్‌ని అడిగి చెబుతాను.”

మార్చి 4

సార్‌ని అడగలేదు. అడగడానికి ఏముంది?

మార్చి 8, శనివారం

బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. పిన్నిని చూసి, నిజం చెప్పి వచ్చేద్దామని బయల్దేరాను. అవును, అందుకే బయల్దేరాను.

కళ్లం దగ్గర దిగాను. ఎప్పుడు వెళ్లినా కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్నచేపలు వెండి రేకుల్లా పరిచి ఉండేవి. ఆడవాళ్లు నడుములు వంచి తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ ఉండేవారు. ఇవాళ ఉత్త ఇసక. గేటుకు కొత్త తాళం. గోడ నీడన రాణి ఒక్కర్తే కూర్చుని ఉంది. రాణి పిన్ని దగ్గర పనిచేస్తుంది, ఆస్పత్రిలో కూడా ఆమె పక్కనే ఉంది.

“మీ వాళ్లంతా ఏరి?” అన్నాను.

“కొంతమంది రొయ్యల కంపెనీకి ఎలిపోనారు. సలి గదుల్లో నిలబడి ఒలవాలి కదా, ముసిలోల్ని రానివ్వరు. ఆ ముసిలోలు ఇళ్లల్లోనే ఉన్నారు.” గేటు తాళం వైపు చూపించి అంది: “ఆ ఎగుమతి కంపెనీవోలు నిరుడే వచ్చినారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. మిసన్లు పెడితే నా ఆడోలేటి తింతారని తగువేసుకున్నాది నాగబాబుతోటి. అలాంటి మనిసి రాజీనామా ఎలాగ సేస్తాదండి? మీరు సెప్పండి.”

చెప్పలేదు. పిన్ని ఇల్లు అక్కడికి కనిపిస్తూనే ఉంది, నీలం తలుపు. ఆమె నిద్రపోతుంటుందేమో, లేపడం ఎందుకనుకున్నాను. తిరుగు బస్సు ఎక్కేశాను.

మార్చి 12, బుధవారం

పిన్ని ఆఫీసుకు వచ్చింది.

మాది మేడ మీద ఆఫీసు. కింద నుంచి కర్ర చప్పుడు వినిపించింది. ఒక మెట్టు, ఆగడం. ఇంకో మెట్టు, ఆగడం. ఎవరో నాకు తెలిసిపోయింది. లేచి ఎదురు వెళ్లాల్సింది. కంప్యూటరు చూస్తూ కూర్చున్నాను. చివరికి రాణి భుజం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చెమటలు కారుతున్నాయి. సగానికి సగం అయిపోయింది మనిషి.

నా ఎదురుగా కూర్చుని, “నా సంతకం సూపించు” అంది.

కాగితం తెర మీదకు తెచ్చాను.

“ఇందులో సంతకం ఏదే?”

ఆకుపచ్చ టిక్కు మీద వేలు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది. తన పేరు కూడబలుక్కుని చదివింది. తేదీ చదివింది. సమయం దగ్గర ఆగింది.

“ఆ ఏలకి నన్ను బల్లమీద పడుకోబెట్టీసినారు. ఒంటి మీద తెలివి లేదు నాకు. మరిది ఎవులు పెట్టినారు?”

సార్ గదిలోంచి వచ్చారు. “మీ మేనల్లుడు మీ అనుమతి ఉందని చెప్పాడమ్మా. మీ ఇద్దరి మధ్య మాట తేడా వస్తే మేమేం చేస్తాం?” అన్నారు.

ఆమె సార్ వైపు చూడలేదు.

“నువ్వు పెట్టినావా?”

తల ఊపాను.

“నాకో ఫోను సెయ్యలేకపోనావా?”

“చేశాను పిన్నీ. ఎత్తలేదు.”

“నా ఫోను ఆ దినమంతా రాణి సేతిలోనే ఉన్నాది” అంది. రాణి నన్నే చూస్తోంది. పిన్ని కర్ర అందుకుంది. దిగడానికి ఎక్కినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

మార్చి 13, గురువారం

ఆ రోజు ఫోన్ చేశానని ఈ పుస్తకంలో రాశాను. చేయలేదు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఆమె పేరు దాకా వెళ్లాను. నాగబాబు చూస్తున్నాడు, సార్ చూస్తున్నారు. కింద పెట్టేశాను. అంతే జరిగింది. నవీన్‌తో అన్నప్పుడు, పిన్ని ముఖం మీద అన్నప్పుడు, ఆఖరికి నేను తప్ప ఎవరూ చూడని ఈ కాగితం మీద రాసుకున్నప్పుడు కూడా చేశాననే చెప్పాను. చెప్పగా చెప్పగా నిజంగా చేసినట్టే, అవతల మోగుతున్నట్టే అనిపించేది.

ఆపరేషన్ రోజు ఇబ్బంది పెట్టకూడదని మానేశాననుకుందామని చూశాను. అదీ కాదు. చేస్తే రాణి అయినా ఎత్తుతుంది. పిన్నికి లేచాక చెబుతుంది. పిన్ని వద్దంటుంది. వద్దంటుందని నాకు ముందే తెలుసు. వద్దన్నాక సంతకం చేయలేను, చేయకపోతే సార్‌కి ఎదురు చెప్పాలి. అందుకే చేయలేదు.

ఇప్పుడు రాసింది నిజం.

మార్చి 15, శనివారం

నవీన్‌కి అంతా చెప్పాను. ముద్ద కంచంలో పెట్టేశాడు.

“ఇంకెవులికైనా సెప్పినావా?”

“లేదు.”

“సెప్పకు. ఒకల డాంగిల్‌తో ఇంకొకలు సంతకం పెడితే కేసవుతాదే. జైలంటే ఆటలనుకున్నావేటి?”

“పిన్ని మెట్లెక్కి వచ్చింది” అన్నాను.

అతనికి అర్థం కాలేదు. అన్నం సగంలో వదిలేసి బయటికి వెళ్లాడు. అతని భయం నా గురించే. అందుకు కోప్పడలేను.

మార్చి 17, సోమవారం

సార్ నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. ఆపరేషన్‌కు ముందు రోజు లక్ష్మణమ్మగారు నాకు ఫోన్ చేసి, తన తరఫున సంతకం చేయమని చెప్పినట్టు నా వాంగ్మూలం. నాగబాబు లాయరు అడిగాడట.

“ఇలా జరగలేదు సార్.”

“నాకు తెలుసు. కానీ ఇది లేకపోతే నువ్వూ మునుగుతావు, నేనూ మునుగుతాను. ఆఫీసులో ఇంతమంది బతుకులున్నాయి. ఆలోచించు.” పెన్ను మూత తీసి ఇచ్చారు.

నాకు పని నేర్పింది ఆయనే. నా పెళ్లికి ముందు రోజే వచ్చి పందిట్లో కూర్చున్నారు. ఆయన్ని చెడ్డవాడని రాసుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. రాయలేకపోతున్నాను.

రేపు పెడతానని చెప్పి వచ్చాను.

మార్చి 18

ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టాను.

మార్చి 20, గురువారం

పొద్దున్నే తెల్లకాగితాలు తీసుకుని జరిగింది జరిగినట్టు చేత్తో రాశాను. సార్ చెప్పింది, నాగబాబు చెప్పింది, ఫోన్ చేయనిది. కింద సంతకం పెట్టాను. మొదటి బస్సుకే పిన్ని ఊరు వెళ్లాను. ఈసారి నీలం తలుపు దగ్గరే ఆగాను.

పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. కూర్చోమనలేదు. కాగితాలు ఇచ్చి, “చదువుతావా పిన్నీ?” అన్నాను.

“నువ్వే సదువు. నీ నోటితో సదువు.”

నిలబడే చదివాను. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆమె ఎదురుచూసింది. చదివాను.

“ఎందుకు సెయ్యలేదే ఫోను?”

“చేస్తే నువ్వు వద్దంటావని తెలుసు.”

కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండుననుకున్నాను.

“నాగబాబు నా సేతుల్లో పెరిగినాడు. ఆడి ఆస ఆడిది. కంపెనీ పెద్దది సేద్దామనుకున్నాడు, నాను అడ్డమనుకున్నాడు. అది నాకు తెలుస్తాది. నీకు నానేటి అడ్డమొచ్చినానో ఆలోసించి ఆలోసించి తెలీక, మెట్లెక్కి వచ్చి అడిగినాను. అప్పుడైనా సెప్పలేకపోనావు.”

కాగితాలు ఆమె పక్కన మంచం మీద పెట్టాను.

“ఇది ఎవులికైనా ఇవ్వొచ్చా?” అంది కాగితాలు చూపించి.

“ఇవ్వొచ్చు పిన్నీ. అందుకే రాశాను.”

“నీకేటవుతాది మరి?”

“తెలీదు.”

కాగితాలు మడిచి తలగడ కింద పెట్టుకుంది. మంచినీళ్లు కూడా ఇవ్వమని రాణితో అనలేదు.

మార్చి 24, సోమవారం

సార్‌కి నేనే చెప్పాను. “నా పేరు కూడా రాశావా?” అన్నారు. రాశానన్నాను. తల వంచుకుని చాలాసేపు బల్ల మీద గీతలు చూశారు. “రేపటి నుంచి రాకు” అన్నారు.

సొరుగు తాళం ఇచ్చేసి వచ్చాను.

ఏప్రిల్ 5, శనివారం

నవీన్ ఇవాళ మాట్లాడాడు. “లాయరుని కలిసినాను. కేసు వస్తే ఏటి సెయ్యాలో అడిగినాను” అన్నాడు. నా కంచంలో ఇంకొంచెం కూర వేశాడు.

ఏప్రిల్ 16, బుధవారం

రాణి ఫోన్ చేసింది. పిన్ని చేయమందట. ముక్తసరిగా చెప్పింది.

నా కాగితాల నకలు చూశాక ఎగుమతి కంపెనీ వాళ్లు, గొడవ ఉన్నచోట తమకు పని లేదని తప్పుకున్నారు. నాగబాబు, పిన్ని రాజీనామా చెల్లదని రాసిచ్చి, తనూ డైరెక్టరు పదవి వదిలేసి, పెళ్లాం ఉషని తీసుకుని విశాఖపట్నం వెళ్లిపోయాడు. వెళ్తూ పెద్ద కొనుగోలుదారుల్ని తనతో తీసుకుపోయాడు. కళ్లం తాళం తీశారు. నిన్నటి నుంచి సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఎండబెట్టడానికి చేపల్లేవు. రొయ్యల కంపెనీకి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రామన్నారు. కళ్లంలో పనిచేసే తాతమ్మ అనే ముసలామె, తాళం వేసి ఉన్నన్నాళ్లూ ఊరికే గేటు దాకా వచ్చి వెళ్లేదట, పోయిన వారం చనిపోయింది. వయసైపోయిందిలెండి అంది రాణి.

నా వల్ల కాదని చెప్పడానికి అన్నదో, ఊరికే అన్నదో.

కేసు గురించి ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు.

మే 5, సోమవారం

పొద్దున తలుపు తీసేసరికి పిన్ని. ఆటో వీధి చివర ఆగింది. కర్ర ఉంది, నడక కొంచెం నయం. మా ఇంటికి ఆమె రావడం ఇదే మొదటిసారి.

కూర్చుని, కొంగు ముడి విప్పి కొత్త డాంగిల్ బల్ల మీద పెట్టింది.

“బరంపురం నుంచి ఆర్డరొచ్చినాది. తాళం ఏయకముందు ఎండబెట్టిన సరుకు ఉన్నాది కదా, అది కావాలంట. ఒప్పందం మీద సంతకం దీంతోనే పెట్టాలంట. ఇయాలే పెట్టాలంట.”

“వేరే ఆడిటరు దగ్గరికి వెళ్లొచ్చు కదా పిన్నీ.”

“ఎల్లినాను. డాంగిల్ ఇచ్చీ ఎల్లిపోండి, మేము సూసుకుంతాం అన్నారు.” కళ్లజోడు తీసి తుడుచుకుంది. “నాకు సంతకం పెట్టీవోలొద్దు. నేర్పీవోలు కావాల.”

నన్ను క్షమించావా అని అడగాలనిపించింది. అడగకుండా ల్యాప్‌టాప్ తెచ్చాను. డాంగిల్ ఎటువైపు దూర్చాలో చూపించాను. రెండుసార్లు తలకిందులుగా పెట్టింది, మూడోసారి తనే సరిచేసుకుంది. ఒప్పందం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమంది. ఒకచోట ఆపి, తడిసిన సరుకు తిప్పి పంపితే రవాణా ఎవరిదని అడిగింది. రాసి లేదన్నాను. బరంపురం ఫోన్ చేసి, గొంతు పెంచి మాట్లాడి, ఆ మాట రాయించి మళ్లీ పంపమంది. మధ్యాహ్నానికి కొత్త కాగితం వచ్చింది. అదీ చదివించింది.

“ఇప్పుడు పిన్ నంబరు పెట్టుకోవాలి పిన్నీ. ఎవరికీ చెప్పకూడదు. ఎక్కడా రాసుకోకూడదు.”

“నాకు నెంబర్లు మతికుంతాయిలే.” చెయ్యి కొంగుతో తుడుచుకుంది. కుర్చీ ముందుకు జరుపుకుంది. వేలు కీల మీదికి తెచ్చి ఆగి, నా వైపు చూసింది.

“అటు తిరుగు” అంది.

కోపంగా అనలేదు. మామూలుగానే అంది.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఒక కీ చప్పుడు. చాలాసేపటికి ఇంకొకటి. అయిపోయిందా అని అడగబోయి ఊరుకున్నాను. ఆమె పిలిచేదాకా అలాగే నిలబడ్డాను.